కోపానికి చోటివ్వని ఫర్మా

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఫోను లేదు, నేనుండేదాన్ని. హిందీ మాట్లాడే సిద్ధగోరాలో, మా తాతయ్య వడ్రంగి షెడ్డులో మా నాన్న ఒక మూల, మా పెదనాన్న ఇంకో మూల పనిచేసేవారు. అన్నదమ్ములకి మాటల్లేవు. ఎందుకు మానేశారో ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు గానీ, మానడం మాత్రం ఒక్కరోజూ మరిచిపోలేదు. అందుకని ఒకరి తిట్లు ఇంకొకరికి నేనే మోసేదాన్ని. కల్తీ లేకుండా మోసేదాన్ని.

షెడ్డులో రౌటర్ మిషను ఒక్కటే. చెక్క మీద నడిపితే గిర్రున తిరుగుతూ గాడి తీసేది. ఆ ఏడు ఒక బడికి పుస్తకాల అలమరలు ఒప్పుకున్నారు. అరలు దూర్చడానికి ఎడమ పలకలకి నాన్న, కుడి పలకలకి పెదనాన్న గాడులు తీశారు. ఎవరి కొలత వారిది. తీరా బిగించి చూస్తే ప్రతి అరా ఒక పక్కకి ఒరిగింది. పుస్తకాలు సర్దితే చదువంతా ఎడమకి జారిపోయేలా ఉంది. బడివాళ్లు తిప్పి పంపేశారు.

"వంకర నా గాడిలో నేదు, ఆడి కంట్లో ఉందని సెప్పు మీ నాన్నకి" అన్నాడు పెదనాన్న. చెప్పాను.

"ఏటీ? కుడిసెయ్యి ఎటో తెలీనోడికి కుడి పలకలిచ్చినోడికి బుద్ధి నేదని సెప్పు" అన్నాడు నాన్న. ఇచ్చింది తాతయ్య. ఆయన వెనకే ఉన్నాడు కాబట్టి ఆ మాట మోసే శ్రమ నాకు తప్పింది. ఇంకోసారి అరలు ఒరిగితే మిషను అమ్మేస్తానని, ఇద్దరూ గమ్హరియా ఫ్యాక్టరీలకి పోయి ఇనుము మోసుకోమని తేల్చేశాడు. అమ్మ ఏడ్చింది, పెద్దమ్మా ఏడ్చింది. వేర్వేరు గదుల్లో, ఎందుకంటే వాళ్లకీ మాటల్లేవు.

మర్నాడు పెదనాన్న పలకంత ప్లైవుడ్డు ముక్క మీద అరకొక సందు చొప్పున కోశాడు. మిషను ఆ సందులోనే నడుస్తుంది, పక్కకి పోదు. ముక్క చివర కింద ఒక బద్ద బిగించాడు. దాన్ని పలక అంచుకి ఆనిస్తే గాడి ప్రతిసారీ ఒకేచోట పడుతుంది. దాన్ని ఫర్మా అనేవారు. "ఇంక మీ నాన్న కొలవక్కర్నేదని సెప్పు. ఆడు కొలిత్తేనే కదా గొడవ" అన్నాడు.

ఆ మాట మోశాను. ఒళ్లు మండిన నాన్న ఫర్మాని పలక మీద తలకిందులుగా పడేసి గాడులు తీసేశాడు. కిందుండాల్సిన పెద్ద అర పైకెక్కింది. మంచి టేకు పలక పాడైంది.

పెదనాన్న ఇక పండగ చేసుకుంటాడనుకున్నాను. ఆయన ఫర్మాని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. ప్రతి పలక అడుగునా అలమర కాళ్ల కోసం కోసిన నొక్కు ఒకటుండేది. ఫర్మా బద్ద ఊడదీసి, ఆ నొక్కులో మాత్రమే కూర్చునే చెక్కముక్క బిగించాడు. పలక పైభాగాన నొక్కు లేదు. ఇక తలకిందులుగా పెడదామన్నా ఫర్మా ఆనదు.

"గల్తీ తో నాన్న కీ హై నా?" అన్నాను, తప్పు నాన్నదే కదా అని.

"ఆడిదే. కానీ ఆడికి నా మీద కోపమని నాకు తెల్దా? తెలిసీ ఆ కోపానికి చోటిచ్చాను సూడు, అది నాది. ఇది మాత్రం ఆడికి మొయ్యకే."

మొయ్యలేదు. నాన్న ఆ ఫర్మాని తప్పుగా పెట్టాలని అన్ని విధాలా ప్రయత్నించి, కుదరక చాలా బాధపడ్డాడు. అలమరలు సమంగా నిలిచాయి, మిషను షెడ్డులోనే ఉండిపోయింది. అన్నదమ్ములు మాత్రం కలవలేదు.

నాకూ పడనివాళ్లున్నారు, వయసుతోపాటు వాళ్లూ పెరిగారు. వాళ్ల చేతికి ఏదైనా పని అందించాల్సి వస్తే, మంచి మనసుతో అందుకుంటారని ఆశపడను. చిరాకుతో అందుకున్నా చెడిపోకుండా చూసి ఇస్తాను. ప్రేమ ఉంటే మంచిదే. లేదని పని వంకరపోనక్కర్లేదు.