సీసా అడుగున నీళ్లు

ఇమామ్ సాహెబ్ నాలుక చచ్చిపోయి రెండేళ్లయింది. ఆ సంగతి ఆయనకి తెలుసు, ఆయన భార్య జైనాబ్‌కి తెలుసు. మిగతా బందరుకి తెలియదు.

ఇనకుదురుపేటలో ఆయన మెకానిక్ షెడ్డు. డీజిల్ బళ్లు బాగుచేసేవాళ్లు ఊళ్లో ఇంకా పదిమంది ఉన్నారు. కాకపోతే తగువుతో వచ్చే బళ్లన్నీ ఈయన దగ్గరికే వచ్చేవి. హార్బరు చుట్టూ తిరిగే బండిలో ఎప్పుడో ఒకప్పుడు పడవలో మిగిలిన డీజిల్ పోయక మానరు. దాంతోపాటు ఇంత సముద్రం కూడా వచ్చి ట్యాంకులో పడుతుంది. బండి ఆగుతుంది. ఓనరు ఊరుకుంటాడా? డ్రైవరే డీజిల్ అమ్ముకుని కుళాయి నీళ్లు పోశాడంటాడు. డ్రైవరు పిల్లల మీద ఒట్లు వేస్తాడు. అప్పుడు ఇమామ్ సాహెబ్ ఆ నీళ్లలో వేలు ముంచి నాలుక మీద రాసుకుని, తుపుక్కున ఉమ్మి, ఉప్పనో మంచినీళ్లనో చెప్పేవాడు. ఉప్పయితే పడవ నీళ్లు. మంచినీళ్లయితే డ్రైవరు పని. ఆ ఒక్క మాటతో ఇద్దరూ నోరు మూసుకుని వెళ్లిపోయేవాళ్లు. ముప్పై ఏళ్లు అలాగే నడిచింది.

కరోనా జ్వరంలో అందరికీ పోయినట్టే ఆయనకీ రుచీ వాసనా పోయాయి. అందరికీ తిరిగొచ్చాయి, ఆయనకి రాలేదు. జైనాబ్ కషాయాలు కాచి పోసింది, గుంటూరు తీసుకెళ్లి చూపించింది. లాభం లేకపోయింది. షెడ్డులో మాత్రం ఆయన ఎవరితోనూ అనలేదు. కాలు విరిగితే ఊరంతా తిరిగి కట్టు చూపించుకునే మగాళ్లు, పరువు ఉన్నచోట దెబ్బ తగిలితే చొక్కా కప్పుకుంటారు.

రంజాన్ చివరి వారంలో, సముద్రంలో ఏటా వేసవికి వేట ఆపేసిన మూడో రోజున, నాగమల్లేశ్వరి పాత పికప్‌ని తాడు కట్టి లాక్కొచ్చారు. గిలకలదిండి హార్బరులో ఆమెకి ఒక పడవ, చేపల వ్యాపారం. వేట లేని రోజుల్లో నందివాడ చెరువుల చేప తెచ్చి బందరులో అమ్ముతుంది. పందొమ్మిదేళ్లుగా ఆ బండి నడిపేది కోటిలింగం.

"చూడండి సాయిబు గారూ," అంటూనే దిగింది నాగమల్లేశ్వరి. "పొద్దున్నే గుడ్లవల్లేరు దాటంగానే ఆగిపోయింది. ఎండలో మూడు గంటలు. చేపంతా మెత్తబడి కుక్కలు కూడా ముట్టుకోలేదు. ఈ మహారాజేమో బానెట్ ఎత్తి ఇంజన్‌కి దణ్ణం పెడతా నిలబడ్డాడంట!"

"పెట్టక ఏం చెయ్యమంటావక్కా," అన్నాడు కోటిలింగం. "నీ నోట్లో పడకుండా కాపాడమని పెట్టా. అదీ వినలా."

ఇమామ్ సాహెబ్ వాళ్ల మాటల్లోకి పోలేదు. "సెల్ఫ్ కొట్టు," అన్నాడు. కోటిలింగం తాళం తిప్పాడు. ఇంజన్ గిరగిరా తిరిగింది గానీ అందుకోలేదు. ఇమామ్ సాహెబ్ వెనక్కి వెళ్లి సైలెన్సరు దగ్గర కూర్చున్నాడు. మళ్లీ కొట్టమన్నాడు. పొగ ఒక్క పోగు కూడా రాలేదు.

"బ్యాటరీ బానే ఉంది. పొగ రాలేదంటే డీజిల్ లోపలికి పోవట్లేదు," అన్నాడు. ట్యాంకు మూత తీసి పుల్ల పెట్టి చూశాడు. సగానికి పైగా ఉంది. ఇంజన్ మీద డీజిల్ గొట్టం నట్టు ఒకటి వదులు చేసి సెల్ఫ్ కొట్టిస్తే అక్కడ తడి కూడా కాలేదు. ఇక ఫిల్టర్ దగ్గరికి వచ్చాడు. పైన గాలి తీసే స్క్రూ వదిలి, పక్కనున్న చేతి పంపుని బొటనవేలితో నొక్కాడు. ముందు నురగ వచ్చింది. ఆ తర్వాత తెల్లగా కలిగంజిలాంటిదేదో కారింది. ఆయన చెయ్యి ఆగింది. గాజు సీసా ఒకటి తెచ్చి ఫిల్టర్ అడుగున పెట్టి, కింది స్క్రూ తీసి నింపాడు. సీసాని బల్ల మీద పెట్టి బీడీ కాలేంతసేపు కదలకుండా ఉంచాడు. డీజిల్ పసుప్పచ్చగా పైకి తేలింది. అడుగున నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు నిలబడ్డాయి.

"నీళ్లు," అన్నాడు.

"అనుకున్నా!" నాగమల్లేశ్వరి చీర చెంగు నడుముకి దోపింది. "ఆదివారం బండేసుకుని అవనిగడ్డ వెళ్లావు, మేనకోడలి పెళ్లని. అక్కడ అమ్మేసి నీళ్లు పోసుకొచ్చావు కదరా?"

"అక్కా, పడవ ఒడ్డుకి లాగిన రోజు మిగిలిన డీజిల్ రెండు క్యాన్లు నువ్వే పోయించావు. మర్చిపోయావా?"

"నా పడవ ట్యాంకులో చుక్క నీళ్లు లేవు. దగ్గరుండి తీయించా."

"నువ్వు దగ్గరుంటే సముద్రం భయపడి పారిపోయిందా?"

పక్క షెడ్లవాళ్లు అప్పటికే చేరారు. నాగమల్లేశ్వరి అందరూ వినేలా అంది: "సాయిబు గారు చెప్తారు. మంచినీళ్లయితే తాళం ఇక్కడ పెట్టి పో. మళ్లీ హార్బరులో నీకు బండి ఇచ్చేవాడు ఉండడు, నేను ఉండనియ్యను. ఉప్పయితే తప్పు నాదని పేటంతా వినేట్టు చెప్తా."

కోటిలింగం ఇమామ్ సాహెబ్ వైపు చూశాడు. "చూడండి మావా. మీ మాటే మాట."

"రోజాలో ఉన్నాను," అన్నాడు ఇమామ్ సాహెబ్. నాలుగు వారాలుగా ఆ ఉపవాసమే ఆయన్ని కాపాడుతూ వస్తోంది.

"తెలుసండీ. పొద్దు కుంకేదాకా ఇక్కడే కూర్చుంటా," అని ఆమె ముక్కాలి పీట లాక్కుంది.

ఆయన పనిలో పడ్డాడు. ట్యాంకు దింపి, ఉన్నదంతా తీసి, కడిగి ఎండలో బోర్లించాడు. గొట్టాలు ఊదాడు. కొత్త ఫిల్టర్ వేశాడు. సీసాని మాత్రం బల్ల మీద నుంచి కదల్చలేదు. నాలుగైదు లీటర్ల మంచి డీజిల్ పోసి, గాలి మొత్తం పోయేదాకా చేతి పంపు కొట్టాడు. నాలుగోసారి సెల్ఫ్‌కి ఇంజన్ దగ్గి, తెల్ల పొగ కక్కి, అందుకుంది. మామూలు రోజయితే ఆ చప్పుడుకి ఆయన మొహం విప్పారేది.

సాయంత్రం జైనాబ్ ఇఫ్తారుకి ఖర్జూరాలు, గుగ్గిళ్లు, నీళ్ల కూజా తెచ్చింది. సీసాని చూసింది, బయట కూర్చున్న ఇద్దర్నీ చూసింది. షెడ్డు వెనక్కి వచ్చి మెల్లిగా అంది: "ఉప్పని చెప్పెయ్యండి. ఒకడి కొంప నిలబడుతుంది."

"ఉప్పు కాకపోతే?"

"పోనీ రోజా విడిచాక నేను నాకి చూస్తా. ఏంటో మీ చెవిలో చెప్తా. మీరు బయటికొచ్చి చెప్పండి."

"ఈ రోజుకి నువ్వు ఉంటావు. ఆ రోజు లేవుగా."

జైనాబ్ ఖర్జూరాలు పళ్లెంలో సర్దింది. ఆ రోజు ఏదో ఆమెకి తెలుసు. కిందటి వానాకాలంలో గుడివాడలో కొట్టున్న వెంకట్రామయ్య బండి ఇలాగే ఆగింది. ఎండుచేప కోసం హార్బరుకి తిరిగే బండి, శామ్యూల్ రాజ్ అనే డ్రైవరు. జనమంతా ఇలాగే మూగారు. ఇమామ్ సాహెబ్ వేలు నాలుక మీద పెట్టుకుంటే ఏమీ తెలియలేదు, డీజిల్ కంపు కూడా తెలియలేదు. అందరూ నోటి వంక చూస్తున్నారు. "మంచినీళ్లే," అనేశాడు. ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. శామ్యూల్ రాజ్ ఎదురు చెప్పలేదు. తాళం బానెట్ మీద పెట్టి నడిచి వెళ్లిపోయాడు. నందివాడలో చేపల చెరువుకి కాపలా ఉంటున్నాడని తర్వాత ఎవరో చెప్పారు.

మసీదులో అజాన్ వినపడింది. ఇమామ్ సాహెబ్ ఖర్జూరం తిని, నీళ్లు తాగి, చేతులు తుడుచుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. కోటిలింగం లేచి నిలబడ్డాడు.

"నాగమల్లేశ్వరమ్మా, నాకు తెలియదు."

"నోట్లో పెట్టుకోకుండానే తెలియదంటారేంటండీ?"

"పెట్టుకున్నా తెలియదు. నా నాలుక పోయి రెండేళ్లయింది. ఇప్పుడు తిన్న ఖర్జూరం తీపో చేదో కూడా చెప్పలేను."

వెనకెవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరూ నవ్వకపోయేసరికి ఆపేశారు.

"ఏమ్మా, నిజమేనా?" అని జైనాబ్‌ని అడిగింది నాగమల్లేశ్వరి.

"నిజమేనమ్మా," అంది జైనాబ్ నేల చూస్తూ.

"ఇంకెవరు చెప్తారు మరి?"

"నువ్వే చెప్పు," అన్నాడు ఇమామ్ సాహెబ్. "పుట్టిన దగ్గర్నుంచీ ఆ నీళ్లలోనే ఉన్నావు."

కోటిలింగానికి ఒళ్లు మండింది. "బాగుంది మావా! నా పీక కోసే కత్తి ఆమె చేతికే ఇస్తన్నారా?"

"నా దగ్గర ఇంకేం లేదురా."

ఇమామ్ సాహెబ్ సీసాలో పైన తేలిన డీజిల్ని మెల్లగా వంచేసి, అడుగు నీళ్లు చిన్న గ్లాసులో పోసి ఇచ్చాడు. నాగమల్లేశ్వరి వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఉమ్మలేదు. మళ్లీ ముంచి మళ్లీ పెట్టుకుంది. గ్లాసు బల్ల మీద పెట్టి దాని వంకే చూసింది. ఆ కాస్త సేపట్లో ఆమె ఏం చెప్పినా చెల్లిపోయేది. ఆమెని కాదంటే ఊరు నమ్మేది ఒక్కరినే, ఆయన తన నాలుక పోయిందని అప్పుడే ఒప్పుకున్నాడు.

"ఉప్పేరా," అంది నెమ్మదిగా.

"పేటంతా వినేట్టు అన్నావక్కా."

ఆమె లేచి రోడ్డు మీదికి వెళ్లింది. "నా పడవ నీళ్లే! కోటిలింగం తప్పు ఇసుమంత లేదు! విన్నారా?" అని అరిచి, వెనక్కి తిరిగింది. "చాలా? మైకు కూడా పెట్టించాలా?" గొంతులో వెటకారం ఉంది గానీ కళ్లు తుడుచుకుంది.

కోటిలింగం తాళం తీసుకున్నాడు. ఎక్కబోతూ ఆగాడు. "మావా, రెండేళ్లన్నారు కదా?"

"అవును."

"శామ్యూల్ రాజ్‌ది కిందటేడేగా?"

"అవును."

"మరి ఆ రోజు ఎలా చెప్పారు?"

"నోటికొచ్చింది చెప్పాను."

పక్క షెడ్లవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. నాగమల్లేశ్వరి అంది: "రేపు పొద్దున బండి నందివాడ వెళ్తంది సాయిబు గారూ. ముందు సీటు ఖాళీయే."

మర్నాడు ఎనిమిదింటికి చెరువు గట్టు మీద శామ్యూల్ రాజ్ మేత బస్తా విప్పుతున్నాడు. ఇమామ్ సాహెబ్‌ని చూసి బస్తా వదిలి నిలబడ్డాడు. ఆయన జరిగిందంతా చెప్పాడు, ఏమీ దాచలేదు. చివర్లో, "నాకు తెలియకుండానే నీ మీద వేశాను," అన్నాడు.

శామ్యూల్ రాజ్ చేతులకంటిన తవుడు దులుపుకున్నాడు. "నాకెందుకండీ చెప్పడం? నేను పొయ్యలేదని నాకు ఆ రోజే తెలుసు. తెలియనివాళ్లకి చెప్పండి."

"చెప్తాను."

"మా ఆవిడే నమ్మలేదండీ. ఇప్పటికీ నమ్మదు. సాయిబు గారు అబద్ధం చెప్తారా అంటది."

ఇమామ్ సాహెబ్ గట్టు మీద కూర్చుండిపోయాడు. "ఇల్లెక్కడ?" అన్నాడు.

"గుడివాడ. బస్టాండు వెనకాల సందులో. పేరు చెప్తే చూపిస్తారు." అని శామ్యూల్ రాజ్ మళ్లీ బస్తా ఎత్తుకున్నాడు. రమ్మనలేదు, వద్దనలేదు.

పికప్‌లో చేప ఎక్కించడం అయింది. కోటిలింగం సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ అందుకుంది.

"ముందు వెంకట్రామయ్య గారి కొట్టుకేగా మావా?"

"ఆయన దగ్గరికి తర్వాత," అన్నాడు ఇమామ్ సాహెబ్. "ముందు శామ్యూల్ రాజ్ భార్య దగ్గరికి పోనీ."