పొగ కదలని నెలలు

బస్ డిపో వెనకగోడను ఆనుకునే వాళ్లిల్లు. ఆమె ఆ డిపోలోనే మెకానిక్కు, భర్త అక్కడే డ్రైవరు. డిపోలో చిన్నాపెద్దా అందరికీ ఆమె 'వదిన'. మేనేజరు కూడా అసలు పేరు మరిచిపోయి చాలాకాలమైంది.

వేసవిలో గాలి, వానాకాలంలో జల్లు డిపో పొగను ఎటో పట్టుకుపోయేవి. చిక్కంతా చలికాలంతోనే. తెల్లవారేసరికి నేల చల్లబడి, పైనున్న వెచ్చటి గాలి మూతపెట్టినట్టు నిలిచిపోయేది. బస్సులు వదిలిన పొగ పైకి పోలేక, గోడ దాటి వాళ్ల వంటింట్లో తిష్ట వేసేది. ఏటా ఆ నెలల్లో అత్తగారు దగ్గుతో మంచం పట్టేవారు. ఆ ఏడు ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది.

ఆవిణ్ని ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున్నే వదిన డిపోకి వెళ్లి చూస్తే, మనుషుల్లేని బస్సులు వరసగా గురగురలాడుతున్నాయి. అందులో ఒకటి భర్తది. ఆయన టీకొట్టు దగ్గరున్నాడు. ఆమె బస్సెక్కి ఇంజిన్ ఆపేసింది. ఆయన గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటి, మీ అమ్మకి పొగబెట్టి పంపేద్దామనా?" అంది.

ఆయన ముఖం మాడిపోయింది. "ట్యాంకులో గాలెక్కకుండా బండి ఎలా తియ్యమంటావ్? బ్రేకు పడకపోతే నువ్వొచ్చి అడ్డం నిలబడతావా?"

ఆయన అన్నదీ నిజమే. బస్సు బ్రేకులు పనిచేసేది గాలి ఒత్తిడితో. ఆ గాలిని ఇంజినే నింపాలి. వదిన ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేసి దిగిపోయింది. కానీ నాలుగు నిమిషాల్లో నిండాల్సిన ట్యాంకుకి అరగంట ఎందుకు పడుతోందన్నది మాత్రం రోజంతా బుర్ర తొలిచేసింది. సాయంత్రం ఆ బస్సు కిందికి దూరి గొట్టాల అతుకులకు సబ్బునీళ్లు రాసింది. బుడగలు లేచాయి. గాలి రాత్రంతా కారిపోయి పొద్దుటికి ట్యాంకు ఖాళీ అవుతోంది, నింపేటప్పుడూ కారుతూనే ఉందన్నమాట.

మిగతా బస్సులదీ అదే వరస. అన్నీ బాగుచేయిద్దామంటే, బ్రేకులు పడుతున్నాయిగా, ఈ పనికి మనుషుల్ని ఇవ్వలేనన్నాడు మేనేజరు. మనుషులొద్దు, వాషర్లూ గొట్టాలూ ఇప్పించండి చాలని అడిగింది. తిప్పితిప్పి ఇచ్చాడు. అప్పట్నుంచి డ్యూటీ దిగాక రోజూ ఏదో ఒక బస్సు కిందే ఆమె. భర్త కొన్నాళ్లు ముభావంగా తిరిగాడు. ఒక సాయంత్రం టార్చిలైటు పట్టుకొచ్చి పక్కన గొంతుక్కూర్చుని, "ఎటు పట్టమంటావ్?" అన్నాడు. ఇద్దరి మధ్యా రాజీ అంతటితో అయిపోయింది.

వానలు పడ్డాయి. ఆకాశం కడిగినట్టయింది. ఇప్పుడు పొగెక్కడుంది, ఇంటికెళ్లి నడుం వాల్చరాదా అని డ్రైవర్లు ఆటపట్టించారు.

"లేదు కాబట్టే ఇప్పుడు చేస్తున్నా. చలి మొదలయ్యాక చేతిలో టైముంటుందా?" అని మళ్లీ బస్సు కిందికి దూరింది.

మళ్లీ చలికాలం వచ్చింది. రాత్రి గాలి కారిపోవడం ఆగి, డ్రైవరు సీట్లో సర్దుకుని కూర్చునేలోపే బస్సులకు గాలి నిండుతోంది. ఇంజిన్ ఊరికే నడిపే అలవాటు మానని ఒకరిద్దరి దగ్గరికి ఆమే వెళ్లి నిలబడేది. ఊరి మీద మసక మాత్రం ఎప్పటిలాగే ఉంది. పెద్దరోడ్డు పొగ ఎక్కడికి పోతుంది? అత్తగారు దగ్గారు గానీ ఆసుపత్రి మెట్లు ఎక్కలేదు. ఆ చలికాలమంతా కోడలి వంటకు వంకలు పెట్టే ఓపిక ఆవిడకు మిగిలింది.

సెలవురోజు చూసుకుని, సబ్బునీళ్ల డబ్బా పట్టుకుని, భర్తను వెంటబెట్టుకుని వదిన రోడ్డవతలి లారీల షెడ్డుకి బయల్దేరింది.