ఆఖరి రీలులో అమ్మ

నా కలం కాగితం మీద తప్ప అన్నిచోట్లా రాస్తుంది. చొక్కా జేబు మీద దాని రచనలు చాలానే ఉన్నాయి. పత్రిక నుంచి ఉత్తరం వచ్చిన రోజు కూడా జేబు నీలంగానే ఉంది.

కథ బాగుందన్నారు. చనిపోయిన తల్లి చివర్లో పొయ్యి ముందు కూర్చుని కొడుకును అన్నానికి పిలుస్తోంది కదా, ఆమె ఎలా వచ్చిందో చెబితే వేసుకుంటామన్నారు. న్యాయమైన ప్రశ్నే. బి.ఏ. చదివినవాణ్ణి, నాకే తట్టి ఉండాల్సింది.

నిజానికి ఆ ముగింపు నాది కాదు. నా ఎనిమిదో ఏట మా అమ్మ జ్వరంతో పోయింది. పెనుకొండ ఇంట్లో నేను ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంటే, అమ్మను కన్న అవ్వ నన్ను హిందూపురం తీసుకుపోయి డేరాలో సినిమా చూపించింది. అందులోనూ తల్లి జ్వరంతోనే పోయింది. అవ్వ నా కళ్లు మూసింది, కాస్త ఆలస్యంగా. ఉన్నది ఒకటే మిషను కాబట్టి రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి. ఆఖరి రీలుకు దీపాలు ఆరాయి. చూస్తే ఆ తల్లి పొయ్యి ముందు కూర్చుని అన్నం వడ్డిస్తోంది.

“ఏమప్పా, ఆయమ్మ ఇప్పుడే గదా సచ్చిపోయింది?” అన్నాడు వెనక ఎవరో.

“వస్తే నీకేమి నష్టం? నోరు మూసుకొని చూడు” అన్నాడు ఇంకొకడు.

డేరా అంతా చప్పట్లు. అవ్వ కూడా కొట్టింది. ఆ తర్వాత ఏడాదిపాటు, వంటింట్లో గిన్నె చప్పుడైతే నేను గడప దాకా వెళ్లి చూసేవాణ్ణి. మా ఇంట్లో రీలు మార్చడం కొంచెం ఆలస్యమవుతోంది, అంతే అనుకునేవాణ్ణి.

పత్రికవాళ్లకు ఏం జవాబు రాయాలో తోచక తిప్పలు పడుతుండగా అదే సినిమా ధర్మవరం వచ్చిందని తెలిసింది. ఆ కిటుకేదో నేర్చుకుందామని వెళ్లాను. అవ్వ కూడా బయలుదేరింది.

మగ్గాల వీధి పక్కన డేరా. మూడో రీలులోనే తల్లి అన్నం వడ్డించేసింది. ఆఖరి రీలులో ఆమె పోయింది. దీపాలు వెలిగాయి. జనం లేచారు. మేమిద్దరం కూర్చునే ఉన్నాం.

“ఇంగా ఉండాది లేరా” అంది అవ్వ.

డేరావాళ్లు చాపలు చుడుతున్నారు.

“అయిపోయిందవ్వా. ఆ పొద్దు హిందూపురంలోనే రీళ్లు ముందూ వెనకా చేసినారు. ఇదే అసలు వరస.”

“ఈళ్లకు ఆడించేది రాదు.”

మర్నాడు పొద్దున స్టేషనులో రైలు కోసం కూర్చుని కథ ఆఖరి పేజీ తీశాను. చిన్ననాటి సినిమాను మళ్లీ చూస్తే రచయితకు వరస తెలుస్తుంది. అన్నం ముందు, చావు తర్వాత. పేజీకి అడ్డంగా గీత గీశాను. కలం ఆ ఒక్కసారి చక్కగా రాసింది.

“ఏం కొట్టేస్తాండావు?” అంది అవ్వ.

“అమ్మ తిరిగొచ్చేది.”

“పోయినోళ్లు రారని నాకు తెల్దా? అది చెప్పేదానికి నువ్వెందుకప్పా?”