వడియాలకు మంచి ఎండ

ఆ రోజుల్లో మమ్మల్ని ఎవరైనా అడ్రస్ అడిగితే చెప్పడానికి కాస్త ఆలోచించాల్సి వచ్చేది, నిన్న పడుకున్న ఊరు చెప్పాలా, ఇవాళ పడుకోబోయే ఊరు చెప్పాలా అని. అంతకుముందు మేమూ అందరిలాంటి వాళ్ళమే. సిడ్నీ పక్కన బ్లాక్‌టౌన్‌లో అద్దె ఫ్లాటు, పొద్దున ఒక రైలు, సాయంత్రం ఒక రైలు, మధ్యలో ఆఫీసు. పీఆర్, అంటే ఈ దేశంలో ఎప్పటికీ ఉండిపోయే అనుమతి, వచ్చిన ధైర్యంతో ఒక శనివారం మా ఆయన, ఎవరో ముసలాయన అమ్ముతున్న పాత క్యాంపర్ వ్యాన్‌ని "ఊరికే చూసొస్తా" అని వెళ్ళి, దాన్నే తోలుకుంటూ వచ్చాడు. నేను గొడవపడతానని దారంతా జవాబులు సిద్ధం చేసుకున్నాడట పాపం. నేను తలుపు తీసి చూశాను. బుల్లి పొయ్యి, బుల్లి సింకు, మడిస్తే బల్ల, పరిస్తే మంచం. "కర్టెన్లు మాత్రం మార్చాలి" అన్నాను. ఆ నెల తిరక్కుండానే ఇద్దరం ఉద్యోగాలు మానేసి, దేశమంతా తిరుగుతూ, దారిలో దొరికిన పని చేసుకుంటూ బతికేద్దామని బయల్దేరాం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అప్పుడు మాత్రం అంతకన్నా తెలివైన పని లోకంలో లేదనిపించింది.

మా ఆయన నెట్‌వర్క్ ఇంజనీరు. క్యారవాన్ పార్కుల్లో, అంటే ఇలాంటి బళ్ళు ఆపుకునే చోట్ల, దిగిన రిటైరైన దంపతులకు టీవీ యాంటెన్నాలు, మొరాయించే ఫోన్లు బాగుచేసి పెట్టేవాడు. వాళ్ళు డబ్బివ్వబోతే "పర్లేదు, పర్లేదు" అని మొహమాటపడిపోయి, నిమ్మకాయలూ గుడ్లూ ఇస్తే మాత్రం సంబరంగా పట్టుకొచ్చేవాడు. (మా వ్యాన్‌లో నిమ్మకాయ పులిహోరకి ఏనాడూ లోటు లేదు.) నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. అంటే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా వృత్తి. కానీ నాకు దొరికేవన్నీ చిన్నాచితకా పనులే. దాచుకున్నదంతా పెట్రోలుకే పోతుంటే ఒకరోజు ఇద్దరం కూర్చుని ఒక మాట అనుకున్నాం. నెలాఖరులోగా ఇద్దరిలో ఒకరికైనా నిలకడైన పని దొరకాలి, లేదంటే వ్యాన్ అమ్మేసి బ్లాక్‌టౌన్ వెళ్ళిపోవాలి. ఆ మాట అనుకున్నాక నేను కాసేపు ఏడ్చాను. ఆయన బయటికెళ్ళి, శుభ్రంగానే ఉన్న ముందు అద్దాన్ని మళ్ళీ మళ్ళీ తుడిచాడు.

సరిగ్గా అప్పుడే మా అత్తయ్య తెనాలి నుంచి దిగింది. ఫోన్లో ఈయన "ఇల్లు కొన్నామమ్మా" అని చెప్పాడే గానీ, ఇంటికి చక్రాలున్నాయని చెప్పలేదు. సిడ్నీ ఎయిర్‌పోర్టు పార్కింగులో ఆవిడ వ్యాన్‌ని చూసి, "టాక్సీ ఇంత పెద్దది ఎందుకురా, ఉన్నది ముగ్గురమేగా?" అంది.

"టాక్సీ కాదమ్మా, ఇల్లు."

ఆవిడ సూట్‌కేసు అక్కడే వదిలి వ్యాన్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చింది. "మరి వాస్తు ఎట్టా చూశార్రా దీనికి?" అంది చివరికి.

"ఏ దిక్కు కావాలంటే ఆ దిక్కుకి తిప్పుకోవచ్చమ్మా" అన్నాడు ఈయన. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత చాలా బాధపడ్డాడు. ఎందుకంటే ఆ రోజు నుంచి ఎక్కడ ఆగినా, తలుపు తూర్పుకి వచ్చేదాకా బండిని ముందుకీ వెనక్కీ తిప్పాల్సిందే. పక్క క్యారవాన్ల వాళ్ళు కుర్చీలు బయటేసుకుని, టీ తాగుతూ మా పార్కింగు చూసేవాళ్ళు. అత్తయ్య మాత్రం రెండు రోజుల్లో ఆ బుల్లి వంటింట్లో నాకన్నా బాగా ఇమిడిపోయింది. కోడలి సంసారం ఎలా ఉందని ఒక్క మాట ఎత్తిపొడవలేదు. నెలాఖరు గడువు సంగతి తెలిసి కూడా "అయ్యేది అవుద్ది, తిను ముందు" అనేది. ఆవిడంటే నాకు అప్పుడే ఇష్టం కలిగింది.

మిల్‌డ్యూరా అనే ఊరి దగ్గర నది ఒడ్డున, డబ్బు కట్టక్కర్లేని చోట దిగి ఉండగా నాకు ఇంటర్వ్యూ పిలుపొచ్చింది. ఆస్పత్రుల్లో నర్సులకు డ్యూటీలు వేసే సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించే పని, ఏడాది కాంట్రాక్టు, ఎక్కడి నుంచైనా చేసుకోవచ్చు. ఇది దొరికితే వ్యాన్ మాది, లేకపోతే మేం మళ్ళీ బ్లాక్‌టౌన్ వాళ్ళం. అక్కడ కరెంటు లేదు. మా దీపాలూ ఇంటర్నెట్టూ అన్నీ వ్యాన్ బ్యాటరీ మీదే నడవాలి, ఆ బ్యాటరీకి పైకప్పు మీద ఉన్న రెండు సోలార్ ప్యానెళ్ళే ఆధారం. నా ల్యాప్‌టాప్ సంగతి సరేసరి, ప్లగ్ తీస్తే చాలు కళ్ళు మూస్తుంది. పైగా ముందు రెండు రోజులూ మబ్బు. ఇంటర్వ్యూ నాటి పొద్దున కళ్ళు తెరిచేసరికి ఆకాశం కడిగినట్టుంది. "చూశావా? మీటింగ్ టైముకి బ్యాటరీ ఫుల్" అని మా ఆయన బయట ఎగిరి గంతేశాడు. నేను దండం పెట్టుకున్నాను.

ఆ ఎండ కోసం ఎదురుచూస్తున్న వాళ్ళు మా వ్యాన్‌లో ఇంకొకరు ఉన్నారని నాకు తట్టలేదు.

నేను మంచం మడిచి బల్ల చేసి, వెనకాల వంటపాత్రలు కనబడకుండా దుప్పటి కట్టి, దానికి ఒక క్యాలెండర్ తగిలించి (ఇల్లంటే గోడకి క్యాలెండర్ ఉండాలి కదా), పైన ఆఫీసు చొక్కా, కింద పైజామాతో కూర్చున్నాను. తెరమీద ముగ్గురు. మేనేజరు యాభై ఏళ్ళావిడ, నవ్వు తక్కువ. మొదట్లో అంతా బాగా సాగింది. అడిగినదానికల్లా జవాబు చెప్తున్నాను. చివరికి ఆవిడ, "ఇది ఆస్పత్రుల పని. మీరున్న చోట కరెంటు, ఇంటర్నెట్ నమ్మదగ్గవేనా?" అని అడిగింది.

"అబ్సల్యూట్లీ" అన్నాను.

అప్పుడే మూల నుంచి బ్యాటరీ అలారం కీచుమంది. నెత్తిమీద దబ్, దబ్ అని ఏవో దిగాయి. ఆ వెంటనే చెవులు చిల్లులుపడే అరుపులు. వాటిని మించి మా అత్తయ్య గొంతు, "హుష్! హుష్! ఎవురబ్బ సొమ్మని తింటన్నారే మీరు!"

ల్యాప్‌టాప్ కళ్ళు మూసింది.

ఫోన్ పట్టుకుని, దాని డేటాతోనే మళ్ళీ మీటింగులో చేరుతూ బయటికి పరిగెత్తాను. వ్యాన్ వెనక నిచ్చెన మీద అత్తయ్య, చేతిలో చీపురు. పైన రెండు ప్యానెళ్ళ మీదా తెల్లటి పంచెలు పరిచి ఉన్నాయి, వాటి నిండా సగ్గుబియ్యం వడియాలు. వాటి మీద నెత్తిన పసుపు కుచ్చులున్న తెల్లటి చిలకలు, ఇక్కడివాళ్ళు కాకటూలంటారు, పెళ్ళి పంక్తిలో కూర్చున్నట్టు బారుగా కూర్చుని భోంచేస్తున్నాయి. కింద మా ఆయన, పక్క క్యారవాన్ వాళ్ళ యాంటెన్నా చేతపట్టుకుని, నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"ఒక్క ప్యానెల్ మీదే వేశానే! ఒట్టు!" అన్నాడు నన్ను చూసి.

"రెండోదాని మీద నేనేశాన్లే" అంది అత్తయ్య నిచ్చెన మీంచి. "ఉడికిన పిండి పారబోస్తామా ఏంటి? ఈ ఎండ చూడు అమ్మాయ్, ఎట్టా కాస్తందో. అద్దం మీద మాంచి వేడి, సాయంత్రానికి గలగలలాడతాయి."

ప్యానెళ్ళు బిగించిందీ ఆయనే, వాటిమీద పంచె పరిచిందీ ఆయనే. అమ్మ అడిగితే ఇంజనీరింగు డిగ్రీ ఏపాటిది! చేతిలో ఫోన్లోంచి "హలో? ఇప్పుడు మేం చూస్తున్నదేమిటి?" అని వినిపించాక గానీ, కెమెరా నా వైపు కాక బయటివైపుకి తిరిగి ఉందని నాకు తెలియలేదు. చిలకలు, చీపురు, వడియాలు, అన్నీ వాళ్ళు చూసేశారు. ఇక దాచడానికి దుప్పటి కూడా లేదు. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, వాటిమధ్య నవ్వు కూడా వచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. మేం వ్యాన్‌లో ఉంటాం, ఆవిడ మా అత్తగారు, అది మా వంటకం, దాన్ని ఎండబెట్టింది మా కరెంటు మీద.

మేనేజరు నవ్వలేదు. "మీరు టెస్టర్ కదా. ఇది ఎందుకు ఫెయిలైందో చెప్పండి" అంది.

ఆ ప్రశ్నతో ఎందుకో నా గుండెదడ తగ్గింది. ఇది నాకు తెలిసిన పని. రెండు రోజుల మబ్బుకి బ్యాటరీ అడుగంటింది, పొద్దున చూసుకోకుండా నిండుతుందనుకున్నాం, ప్యానెళ్ళు కప్పేస్తే హెచ్చరించే ఏర్పాటు లేదు, రెండో దారి సిద్ధంగా పెట్టుకోలేదు అని పద్ధతిగా చెప్పాను. ముఖ్యమైన పనున్న రోజుల్లో కరెంటున్న పార్కులోనే ఉంటాం, కొత్త ల్యాప్‌టాప్ బ్యాటరీ కొంటాను, పైకప్పు ఎక్కడం నిషేధం అన్నాను. అత్తయ్యకి ఎంత అర్థమైందో గానీ నిచ్చెన దిగొచ్చి, ఫోన్లోకి తొంగిచూసి, "మేడమ్, మై మిస్టేక్. షి గుడ్ గర్ల్. ఐ డ్రై ఆన్ టేబుల్, ప్రామిస్" అంది. అప్పుడు నవ్వింది ఆ మేనేజరు. "థాంక్యూ, సాయంత్రంలోగా చెప్తాం" అని పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం మా ఆయన వ్యాన్ ఎంతకి అమ్ముడుపోతుందోనని ఫోన్లో చూస్తున్నాడని నాకు తెలుసు. అత్తయ్య ఒక్క ముద్ద కూడా తినలేదు. ఎప్పుడూ "తిను ముందు" అనే మనిషి అలా కూర్చుంటే, నా ఉద్యోగం కన్నా అదే ఎక్కువ బాధనిపించి, పక్కన కూర్చుని బలవంతంగా తినిపించాను. ఎండ వాలుతుండగా మెయిలొచ్చింది. ఏడాది కాదు, మూడు నెలలు ఇస్తాం, పని చూశాక మిగతాది ఆలోచిస్తాం అని. నేను పైకి చదివాను. మా ఆయన నన్ను ఎత్తి గిరగిరా తిప్పబోయి, నడుం పట్టేసి కూర్చుండిపోయాడు.

"అంటే బ్లాక్‌టౌన్ పోవట్లేదా మనం?" అంది అత్తయ్య.

"లేదత్తయ్యా."

"మరి రేపెక్కడికి?"

మేమిద్దరం ఆ రోజు దాటాక ఏమిటో అసలు ఆలోచించనేలేదు. "తెలీదత్తయ్యా" అన్నాను. అంటుంటే ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

"తెలీకపోతే ఏమైందిలే, పొద్దున్నే లేచి చూద్దాం" అని ఆవిడ లేచి పొయ్యి వెలిగించింది.

ఆ మూడు నెలలు సాగి సాగి ఆరేళ్ళయ్యాయి. ఈలోపు పుట్టిన మా అమ్మాయి బడి వయసుకొచ్చాక సిడ్నీ శివార్లలో, స్కోఫీల్డ్స్‌లో కదలని ఇల్లు కట్టుకున్నాం. ఇప్పుడు వచ్చే ఏడాది ఏ గురువారం ఎక్కడుంటానో కూడా నా ఫోన్ చెప్తుంది. ఆఫీసు రైల్లో కూర్చుని అప్పుడప్పుడు, చేతిలో ఏమీ లేకుండా 'తెలీదు' అని అంత హాయిగా అనగలిగిన ఆ పిచ్చిపిల్లని తలుచుకుంటాను, కాస్త అసూయగానే. మొన్న అమ్మాయి, "మమ్మీ, వేర్ ఆర్ వి గోయింగ్ ఫర్ ద హాలిడేస్?" అని అడిగింది. అలవాటుగా బుకింగులు చూద్దామని ఫోన్ తీసి, ఒక్క క్షణం ఆగి, పక్కన పెట్టేశాను.

"తెలీదమ్మా" అన్నాను. చాలా కాలమైంది కదా, మొదట కాస్త తడబడింది గానీ, మాట బానే వచ్చింది.