కెర్నెల్ గడప దగ్గర ఆరాధన

పర్ణశాల పక్క పల్లెలో ఇంట్లో కూర్చుని ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి కోడ్, అంటే కెర్నెల్, రాసే మనిషి ఆరాధన ఒక్కతే. ఊళ్లోవాళ్లు "కంప్యూటర్ల పని" అంటారు. అంతకుమించి ఆమె చెప్పబోతే అందరికీ హఠాత్తుగా ఇంటి పనులు గుర్తొస్తాయి.

ఆ జూలైలో ఆమెకు అన్నం సహించడం లేదు. గోదావరి ఒడ్డు పల్లెల్లో పెట్టబోయే వరద సైరన్లకు కెర్నెల్ ఆమెదే. ప్రోగ్రామ్ అడిగిన పని కెర్నెల్ చేసిపెట్టి, యంత్రాన్ని మళ్లీ ప్రోగ్రామ్ చేతికి, అంటే యూజర్ మోడ్‌కు, అప్పగించాలి. అలా తిరిగి వెళ్లడానికి యంత్రానికి దగ్గరి భాష అసెంబ్లీలో రాసిన పాత కోడ్‌లో మూడు దారులుండేవి, అన్నీ చిక్కుముడులే. ఆరాధన వాటిని పీకేసి సీ భాషలో ఒక్కటే దారి వేసింది. అందరూ మెచ్చుకున్నారు. కాస్త గర్వం తలకెక్కింది, ఎందుకు ఎక్కదు?

ఇప్పుడు కంపెనీలో పెట్టిన పరీక్షలో సైరన్ ఒకసారి మోగలేదు. నీళ్లు పెరిగాయన్న కబురు సైరన్‌ను నడిపే బోర్డుకు చేరింది, సైరన్ మాత్రం నోరు విప్పలేదు. మళ్లీ పెడితే మోగింది. సాయంత్రం బోర్డులన్నీ పల్లెలకు వెళ్లే వ్యాన్ ఎక్కుతాయి.

"కరెంటు హెచ్చుతగ్గులైందేమో, వదిలెయ్ ఆరాధనా. పైన నది పెరుగుతున్నది, ఆలస్యం చెయ్యలేం," అన్నాడు ఫోన్లో మేనేజర్ జగదీష్.

"నది పెరుగుతున్నదనే నా భయం సార్."

ఆమె కోడ్ ముందేసుకుని కూర్చుంది. అప్పుడే తల్లి విశ్రాంతమ్మ ప్రార్థన కూడికకు బయలుదేరింది. ఆ ఇంట్లో పొయ్యి, కిటికీలు చూసుకుని, గడప దగ్గర నిలబడి ప్రార్థన చేయనిదే ఎవరూ బయటికి కదలరు. ప్రార్థన సగంలో చినుకులు పడ్డాయి. విశ్రాంతమ్మ పరిగెత్తి దండెం మీది బట్టలు తెచ్చి లోపల పడేసి, మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లింది.

"ఇప్పుడేగా చూసినవు, మళ్లేందమ్మా!" ఆరాధన విసుక్కుంది.

"బట్టలు తీసొచ్చేలోపు ఏం జరిగిందో నాకేమెరుక? మళ్ల సూడాలె." ప్రార్థన కూడా మొదటినుంచి మొదలుపెట్టింది.

ఆరాధన చటుక్కున కోడ్ వైపు తిరిగింది. పాత కోడ్ చేసిందీ అదే. బయలుదేరేముందు ప్రోగ్రామ్‌కు కబురేమైనా వచ్చిందా అని చూసేది. వస్తే అందించి, మళ్లీ చూసేది. ఆఖరిసారి చూసి బయటపడే ఆ క్షణంలో ఏదీ చొరబడకుండా ఇంటరప్ట్‌లను, అంటే పని మధ్యలో వచ్చిపడే పిలుపులను, ఆపి ఉంచేది. రెండోసారి చూడటం దండగని తనే తీసేసింది. ఒక కబురు అందిస్తుండగా వచ్చిన ఇంకో కబురు లోపలే ఉండిపోయింది. అది నీళ్లు పెరిగాయన్న కబురు.

"సార్, వ్యాన్ ఆపండి. తప్పు నా కోడ్‌లోనే ఉంది."

"చీకటి పడేదాకా ఆపుతా. అంతే," అన్నాడు జగదీష్.

దారిని ఒక్కటిగానే ఉంచింది. ఏ కబురూ మిగల్లేదని తేలేదాకా మళ్లీ మళ్లీ చూసేలా మాత్రం రాసింది. కబురు మీద కబురు పడేలా పరీక్షలు పెట్టింది. ఒక్కటీ తప్పలేదు. ఆఖరికి తన దగ్గరున్న బోర్డును, నమూనాగా తమ ఇంటి మీద బిగించిన అసలు సైరన్‌కే తగిలించింది. ఆ హడావిడిలో ఊళ్లో ముందుగా చెప్పాలన్న సంగతే మరిచిపోయింది.

సైరన్ మోగింది. ఊరు ఊరంతా మూటలతో రోడ్డెక్కింది. పక్కింటి పుల్లమ్మ ముసలత్తను వీపున మోసుకుని వచ్చింది.

"వరద రాలేదత్తా, టెస్టు," అంది ఆరాధన.

"టెస్టా? నీ టెస్టు తగలబడ! గుండె ఆగినంత పనైంది గదనే!"

చుట్టూ తిట్లు మొదలయ్యాయి. ఆరాధన పుల్లమ్మ చెయ్యి పట్టుకుంది. "ఇండ్లల్ల ఎవరన్న మిగిలిన్రా అత్తా?"

"ఎవరు మిగుల్తరే? అందరం వచ్చినం."

ఆరాధన రోడ్డు మీదే కూలబడి ఏడ్చేసింది.