ఎల్ సైజు కర్ర

పోయినవాటి సంగతి ముందే చెప్పేస్తాను. గోల్ఫు బంతులు ఎనభై ఆరు, గొడుగు ఒకటి, ఎడమచేతి గ్లవ్ ఒకటి (కుడిచేతికి అసలు వేసుకోరట, అది తెలియక రెండోది ఏదని షాపువాణ్ణి నిలదీశాను), ఆ పైన ఒక స్నేహం. డెబ్భైలు దాటి ఎనభైలు వస్తున్న ఆ రోజుల్లో, ఒహాయోలోని ఆ చిన్న ఊళ్ళో తెలుగు తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఆసుపత్రిలో పిల్లల డాక్టరుగారు ఒకరు, టైర్ల ఫ్యాక్టరీలో లెక్కలు చూసే నేను ఒకణ్ణి. ఆయన శ్రీమతి ఇంకో రాష్ట్రంలో డాక్టరుగా రెసిడెన్సీ శిక్షణలో ఉన్నారు. నాకు ఏ రాష్ట్రంలోనూ ఎవరూ లేరు. వారమంతా నేను తెలుగు మాట్లాడేది, అన్నం మాడినప్పుడు, గిన్నెతోనే. శనివారం పొద్దున మాత్రం డాక్టరుగారు కారు తీసుకొచ్చి గోల్ఫుకి రమ్మని హారన్ కొట్టేవారు.

ఆటలో నా బంతి ప్రతిసారీ కుడిపక్క చెట్లలోకే పోయేది. "ఏవయ్యా, ఆ చెట్లలో నీకు చుట్టాలున్నారా?" అనేవారు ఆయన. ఆయన బంతి కూడా అక్కడికే పోయేది, కానీ అది గాలివల్ల. ఇద్దరం ఆకులు కెలుక్కుంటూ నడిచేవాళ్ళం. అయితే ఆసుపత్రిలో తోటి డాక్టర్లు తమతో ఆడమని ఆయన్ని పిలుస్తూనే ఉన్నారు. ఇంత చేతకానివాడితో ఆయన ఎన్నాళ్ళు ఆడతారు? ఏదో ఒక శనివారం హారన్ మోగదని నాకు బెంగ పట్టుకుంది. బెంగ పడితే కొందరు దేవుడికి మొక్కుతారు, నేను లెక్క వేస్తాను. లైబ్రరీ పుస్తకంలో కనిపెట్టాను, తప్పు నాది కాదు, షాఫ్టుది. అంటే బంతిని కొట్టే కర్రకి, అదే క్లబ్బుకి, తలకీ చేతి పట్టుకీ మధ్య ఉండే ఉక్కు కాడ. నాలా నెమ్మదిగా ఊపేవాడి చేతిలో అది మరీ బిరుసుగా ఉంటే బంతి కుడికి పోతుందట. గరాజ్ సేల్‌లో చవగ్గా కొన్న నా పాత క్లబ్బుని వంటింటి బల్ల అంచుకి బిగించి, కొసన అయిదు పౌన్ల బియ్యం సంచీ వేలాడదీసి, స్కేలుతో కొలిచాను. మా ఫ్యాక్టరీ మేనేజరుకన్నా తక్కువ వంగింది.

షాపులో కాడల మీద అక్షరాలు అంటించి ఉన్నాయి, ఎల్, ఏ, ఆర్, ఎస్, ఎక్స్ అని. ఇన్ని లెక్కలు వేసినవాణ్ణి, ఆ అక్షరాలేమిటని ఎవరినీ అడగలేదు. అడగడానికేముంది? నా బనియన్ ఎల్, చొక్కా ఎల్. చేత్తో వంచి చూస్తే చక్కగా వంగింది కూడా. "ఎవరికి సార్?" అన్నాడు షాపతను. "నాకే" అన్నాను. కాసేపు నా వంక చూసి, "మీ ధైర్యం మెచ్చుకోవాలి" అన్నాడు. ధర గురించి అంటున్నాడనుకుని గర్వంగా నవ్వాను.

ఆ శనివారం నా మొదటి బంతి, చరిత్రలో మొట్టమొదటిసారి, ఎడమపక్కకి పోయింది. డాక్టరుగారిది మామూలుగా కుడికే. ఆయన అటు, నేను ఇటు నడిచాం. మధ్యలో ఫుట్‌బాల్ మైదానమంత పచ్చిక. కాలేజీ రోజుల్లో హాస్టల్లోకి మేక దూరిన కథ ఆయన అప్పుడే మొదలుపెట్టి ఉన్నారు. అక్కణ్ణుంచే అరిచి చెబుతున్నారు.

"తినేసిందయ్యా!"

"ఏం తినేసిందండీ?"

"అదే..." తర్వాతది గాలికి పోయింది.

"వినపడట్లేదండీ, ఏమిటి తినేసింది?"

"అటు వెళ్ళి ఎవరితో మాట్లాడతావయ్యా, ఉడతలతోనా? ఇటు కొట్టలేవూ!"

మైదానం కాపలా చూసే ముసలాయన బండి వేసుకుని వచ్చేశాడు, మీ ఇద్దరికీ ఏమిటి గొడవ అని. డాక్టరుగారు దగ్గరికొచ్చి, గొడవేం లేదని చెబుతూ నా చేతిలో క్లబ్బు చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఎల్ అంటే ఏమనుకున్నావ్?"

"లార్జ్ అండీ."

"లేడీసయ్యా."

ఆయన పచ్చిక మీద కూలబడి నవ్వారు. కాపలా ముసలాయన మాత్రం మర్యాదగా ఆకాశంలోకి చూశాడు. "ఆర్ కొనుక్కో, అంటే రెగ్యులర్. నీకు సరిపోతుంది, తిన్నగా వెళుతుంది" అన్నారు డాక్టరుగారు, లేచి దులుపుకుంటూ.

వారమంతా ఆలోచించాను. ఎల్ అయితే ఎడమకి, ఆర్ అయితే తిన్నగా. ఆయనేమో కుడికి. ఏ లెక్కన చూసినా జవాబు ఒక్కటే వచ్చింది. మరుసటి శనివారం గరాజ్ సేల్ క్లబ్బులతోనే వెళ్ళాను. ఆయన నా సంచీలోకి ఓసారి తొంగిచూసి, బంతిని చెట్లలోకి కొట్టారు. వెనకే నాదీ వెళ్ళింది. "పద, వెతుకుదాం. మేక దగ్గర కదూ ఆగాను?" అన్నారు. మేక తిన్నది ఆయన రికార్డు పుస్తకమట.

రెండేళ్ళ తర్వాత శ్రీమతి ఉన్న ఊరికే ఆయన ఉద్యోగం మార్చుకున్నారు. చివరి శనివారం, పద్దెనిమిది హోల్స్ ఆటలో పదిహేనోది పూర్తవగానే కుండపోతగా వాన పట్టుకుంది. (గొడుగు పోయింది అప్పుడే.) "మిగతావి ఈసారి వచ్చినప్పుడు ఆడదాంలే" అన్నారు కారెక్కుతూ. కొన్నేళ్ళు గ్రీటింగ్ కార్డులు వచ్చాయి. తర్వాత నేను పంపిన కార్డు తిరిగి వచ్చింది.

ఇప్పుడు నా సంచీలో ఆర్ కర్రలే ఉన్నాయి. బంతి తిన్నగా మధ్యలోకే వెళుతుంది, వెతికే పనే లేదు, ఆట గంట ముందే అయిపోతుంది. అయినా ఒక్కోసారి ఎవరూ చూడకుండా ఆ కుడిపక్క చెట్లలోకి వెళ్ళి కాసేపు ఆకులు కెలికి వస్తాను. ఎవరిదో ఒక బంతి దొరుకుతూనే ఉంటుంది. పోయిన ఎనభై ఆరూ ఆ లెక్కన ఎప్పుడో చెల్లిపోయాయి. మూడు హోల్స్ మాత్రం ఇంకా బాకీ.