మామగారి కారు, ఇద్దరల్లుళ్ళు

ఎదురు షెడ్డుకి బండి వచ్చి ఆగితే చాలు, పెద్దల్లుడి కడుపులో ఎవరో అగ్గిపుల్ల గీసినట్టుండేది. ఆ షెడ్డువాడు పరాయివాడేం కాదు, సొంత తోడల్లుడు, భార్య చెల్లెలి మొగుడు. ఇద్దరూ మెకానిక్కులే. మధ్యలో ఉన్నది ఒక ఇరుకు రోడ్డు. ఇవతల దగ్గితే అవతల వినిపిస్తుంది.

పనిలో పెద్దల్లుడికి తిరుగులేదు. ఇంజను చప్పుడు విని రోగం చెప్పేస్తాడు. వాళ్ళ మామగారికి ఒక పాతకాలపు కారుంది. గుండ్రటి దీపాలు, తలుపేస్తే ఇనప్పెట్టె మూసినట్టు చప్పుడు. ఏళ్ళ తరబడి దాని తాళం పెద్దల్లుడి జేబులోనే ఉండేది. ఆదివారం సాయంత్రం మామగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పేవాడు. అత్తవారింట్లో అతని మాట చెల్లినా చెల్లకపోయినా ఆ స్టీరింగు వెనక మాత్రం మహారాజే. అలాంటిది ఓ రోజు మామగారు, "చిన్నల్లుడికి కూడా కాస్త అలవాటవ్వాలి కదయ్యా" అని తాళం తీసుకెళ్ళి రోడ్డుకవతల ఇచ్చేశాడు.

అప్పట్నుంచీ మనిషికి అన్నం సయించలేదు.

"చెల్లెలి మొగుడేగా, పరాయివాడా?" అంది భార్య.

"పరాయివాడైతే ఇంత మండదే!" అన్నాడు.

చిన్నల్లుడు ఉత్సాహంగా బండిలో పాత రబ్బరు గొట్టాలన్నీ మార్చాడు. కొద్దిరోజులకే బండి వేడెక్కడం మొదలెట్టింది. నెమ్మదిగా పోనిస్తే బుద్ధిగానే ఉండేది. వేగం అందుకుంటే చాలు, వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటేది, ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయేది. ఆ వేడికి పెట్రోలు దార్లోనే ఆవిరైపోతుంటే ఇంజనుకి ఏం అందుతుంది? కాసేపు చల్లారనిస్తే ఏమీ ఎరగనట్టు కదిలేది. చిన్నల్లుడు రేడియేటరు కడిగాడు, ఫ్యాను బెల్టు మార్చాడు, పెట్రోలు పంపుకి తడిగుడ్డ చుట్టాడు. ఎన్ని చేసినా బండి ఆగడం మానలేదు.

పెద్దల్లుడు స్టూలు మీద కూర్చుని ఇదంతా సినిమా చూసినట్టు చూశాడు. ఒకడు ఎత్తిన బానెట్లో ఇంకొకడు అడక్కుండా చెయ్యి పెట్టకూడదన్నది ఆ వీధి మెకానిక్కుల కట్టుబాటు. ఆ కట్టుబాటు మీద అతనికి అంత గౌరవం అంతకు ముందెప్పుడూ కలగలేదు. వాడే కాళ్ళబేరానికి వస్తాడు, తాళం మళ్ళీ నా జేబులో పడుతుంది అనుకున్నాడు.

ఆదివారం బండి మామగారితో సహా నాలుగురోడ్ల మధ్య ఆగిపోయింది. తోసుకొచ్చి షెడ్డులో పెట్టి, చిన్నల్లుడు చెమటలు కక్కుతూ రోడ్డు దాటి వచ్చాడు.

"అన్నయ్యా, నా వల్ల కావట్లేదు. ఒక్కసారి చూడవా?"

ఎంత సులువుగా అడిగేశాడు వెధవ! దానికీ మండింది పెద్దల్లుడికి.

మామగారు కుర్చీలో కూర్చుని చూస్తుండగా అతను బండి కింద దూరాడు. "నువ్వెక్కి యాక్సిలరేటరు తొక్కు... ఇంకా తొక్కు!" అని అరిచాడు. అప్పుడు కనిపించింది. రేడియేటరు కింది నుంచి ఇంజనుకి నీళ్ళు తెచ్చే గొట్టం, నీళ్ళ పంపు లాగే లాగుడుకి లోపలికి పీక్కుపోయి అతుక్కుపోతోంది. కాలు తీయగానే మళ్ళీ గుండ్రంగా అయిపోతోంది. తొక్కేవాడొకడు, కింద పడుకుని చూసేవాడొకడు ఉంటే తప్ప దొరకని దొంగ అది. ఇంజను ఆపించి గుడ్డతో పట్టుకుని నొక్కాడు. గొట్టం అతుక్కుపోకుండా లోపల ఉండాల్సిన స్ప్రింగు లేదు.

ఇక చూడాలి అతని సంబరం! 'మీ చిన్నల్లుడి నిర్వాకం చూశారా మామయ్యా' అన్న మాట నోట్లో తయారుగా పెట్టుకుని బయటికి పాకాడు. అప్పటికే చిన్నల్లుడు దిగి, వంగి గొట్టం నొక్కి చూసి తల పట్టుకున్నాడు.

"అయ్యో, స్ప్రింగు! తప్పు నాదే మామయ్యా. కొత్త గొట్టం వేసినప్పుడు పాతదాన్లోంచి తీసి పెట్టడం మర్చిపోయాను. అన్నయ్య చూడకపోతే ఇంజనే పోయేది."

మామగారు కోప్పడలేదు. "పోనీలే. చేసిన తప్పు చెప్పేవాడి చేతిలో బండి ఉంటే నాకు భయం లేదు. తాళం నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు.

పెద్దల్లుడి చేతిలోనూ ఆ బండి చాలాసార్లే ఆగింది. ప్రతిసారీ ఎండ మీదో, కల్తీ పెట్రోలు మీదో తోసేశాడు. మామగారు తలూపేవాడు. నమ్మాడనుకున్నాడు ఇతను. ఒక్కసారీ నమ్మలేదని ఇప్పుడు తెలిసింది.

స్ప్రింగు పెట్టి, నీళ్ళు పోసి, అందరూ బండెక్కారు. "నీ చెయ్యి బంగారమయ్యా, వెనక హాయిగా కూర్చో" అన్నాడు మామగారు. చిన్నల్లుడు వేగం పెంచినా ముల్లు కదల్లేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆగితే బావుండునని వెనక సీట్లో కూర్చున్న పెద్దల్లుడు ఇల్లు చేరేదాకా కోరుకుంటూనే ఉన్నాడు. అది ఆగలేదు. అతను చేసిన మరమ్మతు అలాంటిది.